పరీక్ష తప్పితేనే కార్డు

ఏ పరీక్షకి వెళ్ళినా బాగా రాయమని దీవించి పంపుతారు. గువ్వ వెళ్ళిన పరీక్ష అలాంటిది కాదు. అక్కడ మార్కులు వేసేది చేతగానివాటికి. బొత్తాలు పెట్టుకోలేకపోతే ఇన్ని, ఒంటరిగా రోడ్డు దాటలేకపోతే ఇన్ని, ఎదుటి మనిషి బాధ తెలియకపోతే ఇన్ని. అన్నీ కూడితే ఒక గీత దాటాలి. దాటితే కార్డు ఇస్తారు, దాటకపోతే 'మీ పిల్ల భేషుగ్గా ఉంది, పోయి రండి' అంటారు. ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో గాని, కన్నతల్లి గుమ్మం దగ్గర నిలబడి 'భగవంతుడా, ఈ ఒక్క పూటా నా పిల్ల తప్పేలా చూడు' అని వేడుకోవలసిన పరీక్ష ఇదొక్కటే.

గువ్వకి తొమ్మిదేళ్ళు. ఆటిజం ఉంది. ఆ సంగతి కాగితం మీద ఒప్పుకుంటూ ప్రభుత్వం ఇచ్చేదే ఆ కార్డు. అదుంటేనే చిన్నబడిలో సీటు. చిన్నబడి అంటే గదికి ఆరుగురు పిల్లలు, ఇద్దరు టీచర్లు, చప్పుడు చెయ్యని ఫ్యాను. ఆ కార్డుంటేనే నెలనెలా భృతి. ఆ భృతి ఉండబట్టే, ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే గువ్వ తల్లి ఒంటిపూట పనితో సరిపెట్టుకుని, మధ్యాహ్నం పిల్ల వచ్చే వేళకి ఇంట్లో ఉండగలుగుతోంది. కార్డు పోయిందా, పిల్ల పెద్దబడికి, తల్లి రెండు పూటల పనికి.

పెద్దబడి ఎలా ఉంటుందో వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. కార్డు రాకముందు ఏడాదిపాటు అక్కడే చదివింది గువ్వ. గది నిండా పిల్లలు, గంటకో టీచరు. పగలంతా పిల్ల బుద్ధిగా కూర్చునేది. 'మీ అమ్మాయి అంత నెమ్మదస్తురాలు మరొకరు లేరండీ' అనేవాళ్ళు టీచర్లు. ఆ నెమ్మదస్తురాలు ఇంటికొచ్చి బూట్లు విప్పే లోపే గోడకి తల బాదుకునేది. ఆ ఏడాదంతా తల్లి గోడకీ పిల్ల తలకీ మధ్య తన అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది. లాండ్రీలో వేళ్ళు వాచి దుప్పటి మడత సరిగ్గా రాకపోతే సూపర్‌వైజరుతో తిట్లు కూడా తింది.

కార్డు రెండేళ్ళకొకసారి కొత్తగా తీసుకోవాలి. మొదటిసారి పరీక్ష చేసినాయన ఆముదం తాగిన ముఖం వేసుకుని, కాగితంలోంచి తలెత్తకుండా ప్రశ్నలు అడిగాడు. ఆ ముఖంలో ఏమీ దొరక్క గువ్వ కాసేపటికే బల్ల కిందకి దూరి చెవులు మూసుకుంది. ఆయన అప్పుడూ తలెత్తలేదు. టకటకా మార్కులు వేసి పంపించేశాడు. ఆ ధుమధుమలాడే మనిషిని తల్లి ఇప్పటికీ తలుచుకుని చల్లగా ఉండాలనుకుంటుంది.

ఈసారి పరీక్షకి బయల్దేరే పొద్దున, అత్తగారు మనవరాలికి తల దువ్వి, రెండు జడలు వేసి, ఇస్త్రీ గౌను తొడిగింది.

"చూడమ్మాయ్, ఎలా ఉందో నా బంగారం! దీన్ని చూసి ఎవరైనా వంక పెట్టగలరా?"

"పెట్టాలి అత్తయ్యా. పెడితేనే మనకి కార్డు."

"అదేం మాటే! పిల్లని పట్టుకుని పనికిరాదనిపించుకోవడానికి ఇంత సింగారించుకుని వెళ్ళడమా?"

"సింగారించింది మీరే కదా."

పెద్దావిడ వేసిన జడలు విప్పేసింది. పిల్ల జుట్టు రేగిపోయి ఉండడం చూసి మనసొప్పక మళ్ళీ వేసింది. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

అసలు చిక్కంతా ఇంకోచోట ఉంది. ఆ చిక్కు వేసింది ఎవరో కాదు, గువ్వ తల్లే.

పెద్దబడి రోజుల్లో, పిల్లకి ఎదుటివాళ్ళ మనసు అర్థం కావడం లేదని తెలిశాక, ఆమె ఒక ఆట కనిపెట్టింది. ముఖాలాట. సాయంత్రం వంటింటి గట్టు మీద పిల్లని కూర్చోబెట్టి ఎదురుగా నిలబడేది. "నా ముఖం చూడు. అమ్మ నవ్వితే?" "నవ్వాలి." "కనుబొమ్మలు ముడిస్తే?" "ఆగాలి." "పెదాలు కిందకి వంగితే?" "పాపం అనాలి." ఆఖర్న ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "మరి ఎవరి ముఖమూ అర్థం కాకపోతే?" "అమ్మ ముఖం చూడాలి." ఆ జవాబు చెప్పినప్పుడు మాత్రం పిల్ల భుజాలు వదులై, కాళ్ళు ఊపేది. అది తనకి నచ్చిన జవాబు.

గువ్వ ఆ ఆట ఎంత బాగా నేర్చుకుందంటే నేర్పినామెకే దిమ్మ తిరిగింది. ఎదురుగా ఎవరుంటే వాళ్ళే అయిపోయేది. కండక్టరు గొంతుకి కండక్టరు గొంతు, టీచరు తల ఊపుడికి టీచరు తల ఊపుడు. చుట్టాలొచ్చి 'ఈ పిల్లకేం రోగం, నిక్షేపంలా ఉంటేనూ' అంటుంటే తల్లి పొంగిపోయింది. పొంగిపోదా మరి? ఆ పొంగు ఖరీదు చుట్టాలు వెళ్ళాక తెలిసేది. ఎంతసేపు ఇంకొకరిలా ఉంటే అంత గట్టిగా విరిగిపోయేది పిల్ల. కాని ఆ విరగడం ఎవరి కంటా పడదు. నలుగురిలో నవ్వూ, నాలుగు గోడల మధ్య ఏడుపూ. ఆటిజం ఉన్న ఆడపిల్లల సంగతి చాలా ఇళ్ళల్లో ఇంతే, చెప్పుకుంటే నమ్మేవాళ్ళు తక్కువ.

ఆఫీసులో పిల్లతోపాటు ఒక్కరినే లోపలికి రానిస్తామన్నారు. లిఫ్టులు బాగుచేసే పని చేసే గువ్వ తండ్రి పరీక్ష కోసం సెలవు పెట్టి వచ్చి, కింద మెట్ల మీద కూర్చుండిపోయాడు. "ధైర్యంగా ఉండు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు" అన్నాడు భార్యతో. ఉన్నది ఉన్నట్టు చెప్పడమంత కష్టమైన పని లోకంలో ఇంకోటి లేదని ఆ మంచి మనిషికి ఇంకా తెలియదు.

తలుపు తెరుచుకుంది. గువ్వ తల్లి గుండె గుభేలుమంది.

లోపల కూర్చున్న ఆఫీసరమ్మది అంత మంచి ముఖం మరి. గుండ్రటి బుగ్గలు, నవ్వితే ముందు కళ్ళు నవ్వుతాయి, మాట్లాడితే కనుబొమ్మలు కూడా మాట్లాడతాయి. ఇంకెవరైనా అయితే 'హమ్మయ్య, మంచి మనిషి దొరికింది' అనుకునేవాళ్ళు. గువ్వ తల్లి మాత్రం 'అయిపోయింది, కొంప మునిగింది' అనుకుంది.

"హాయ్ తల్లీ! రా రా, ఎలా ఉన్నావు?" అంది ఆఫీసరమ్మ తల ఒక పక్కకి వాల్చి.

గువ్వ ఆ ముఖం చూసింది. తల ఒక పక్కకి వాల్చింది. "హాయ్! బాగున్నాను. మీరెలా ఉన్నారు?"

ఆఫీసరమ్మ మురిసిపోయింది. ఎడమవైపు గడిలో టిక్కు పెట్టింది. ఎడమవైపు గడి అంటే చేతనైనట్టు. అంటే సున్నా.

ఇక చూడండి, వరసగా ఎడమవైపే. బొమ్మ కప్పుల్లో టీ పోసే ఆట ఆడించింది. ఆమె ఊదుకుని తాగినట్టు చేస్తే పిల్లా ఊదుకుని తాగింది. "అబ్బ, వేడి!" అని ఆమె నాలుక బయటపెడితే పిల్లా "అబ్బ, వేడి!" అంది. బొమ్మల పుస్తకంలో ఏడుస్తున్న బాబుని చూపించి "ఈ బాబుకి ఏమైంది?" అని అడిగింది. అడుగుతూ అడుగుతూ తన పెదాలు కిందకి వంచింది, మహాతల్లి. గువ్వ బాబు వంక చూడనేలేదు. ఆ పెదాలు చూసి "పాపం" అంది. టిక్కు. ఇంకో టిక్కు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్న తల్లికి, ఆ పెన్ను కదిలినప్పుడల్లా చిన్నబడి తలుపు కొంచెం కొంచెంగా మూసుకుంటున్నట్టుంది.

తర్వాత తల్లిని అడగడం మొదలైంది.

"స్నానం తనే చేస్తుందా అమ్మా?"

"చేస్తుందండీ." మాట నోట్లోంచి జారిపోయింది. ఏళ్ళ తరబడి చుట్టాలకీ ఇరుగుపొరుగుకీ చెప్పి చెప్పి అరిగిపోయిన మాట. నాలుక కరుచుకుని సర్దుకోబోయింది. "చేస్తుందంటే, నేను పక్కనుండి ఒక్కొక్కటే చెప్పాలి. నీళ్ళు మరిగిపోతున్నా తనకి తెలియదు మేడమ్. చెయ్యి పెట్టి నా ముఖం చూస్తుంది. నేను అబ్బా అంటే తనూ అబ్బా అంటుంది."

"భోజనం?"

"తింటుంది. అన్నీ విడివిడిగా పెట్టాలి. ఒకదానికొకటి తగిలితే ఇక ఆ పూటకి లేదు."

"మా అబ్బాయీ అంతే" అని నవ్వింది ఆఫీసరమ్మ. గువ్వ నవ్వింది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని ఇంకాస్త నవ్వారు.

గువ్వ తల్లికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫోను తీసింది. "మేడమ్, మొన్న సాయంత్రం వీడియో తీశాను. ఒక్కసారి చూడండి."

"వీడియోలు తీసుకోమమ్మా. ఒకప్పుడు తీసుకునేవాళ్ళం. పిల్లల్ని ఏడిపించి తీసినవి వస్తుంటే ఆపేశారు." ఆమె గొంతులో కాఠిన్యం లేదు. "మీరలా చేశారని కాదు. రూలు అది."

"పోనీ సాయంత్రం మా ఇంటికి రండి. ఇప్పుడింత బాగా ఉంది కదా, రాత్రి దాకా దీని బాకీ తీర్చాలి మేము."

"ఇళ్ళకి వెళ్ళే పద్ధతి లేదు."

"చిన్నబడి టీచరుగారు రాసిచ్చారు చూశారా?"

"చూశాను. 'మర్యాదగా ఉంటుంది, ఎవరి జోలికీ పోదు, అందరితో కలిసిపోతుంది' అని రాశారు." కాగితం తిప్పి చూపించింది.

టీచరమ్మ మంచిదే, పిల్లంటే ప్రాణం. పిల్ల గురించి నాలుగు మంచి మాటలు రాసి సాయం చేద్దామనుకుంది. మంచి మాటలతో నిండా ముంచడమంటే ఇదే.

ఆఫీసరమ్మ పెన్ను పక్కన పెట్టి, గువ్వ తల్లి చేతి మీద చెయ్యి వేసింది. "అమ్మా, ఒక మాట చెప్తాను, ఏమనుకోకండి. నేను ఈ గదిలో చూసిందే రాయాలి. రెండేళ్ళలో చాలా మార్పు వచ్చింది మీ పాపలో. మీ కష్టమే ఇదంతా. మీరు సంతోషించాలి."

సంతోషించాలట! కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నా పిల్ల బాగుందంటే బడి పోతుంది. బాగాలేదంటే, ఎదురుగా పకపకా నవ్వుతున్న పిల్లని పెట్టుకుని అబద్ధాలాడుతున్న తల్లిని అవుతాను. ఒకరి మీద కోపం తెచ్చుకుందామన్నా ఆ గదిలో కోపగించదగ్గ మనిషి లేదు. అంతా మంచివాళ్ళే. అదే ఆమెకి ఊపిరాడకుండా చేసింది. కిటికీ కూడా సీలు వేసి ఉంది, ఏసీ గది.

"అది తన నవ్వు కాదు మేడమ్" అంది ఉన్నట్టుండి. గొంతు తనకే వింతగా వినిపించింది. "మీ నవ్వు. ఇందాకట్నుంచీ మీరు మాట్లాడుతున్నది మా అమ్మాయితో కాదు. మీతో మీరే మాట్లాడుకుంటున్నారు."

ఆఫీసరమ్మ కనుబొమ్మలు పైకి లేచాయి. గువ్వ కనుబొమ్మలు పైకి లేచాయి.

ఆఫీసరమ్మ ఈసారి అది చూసింది. కావాలని ముక్కు గోక్కుంది. గువ్వ గోక్కుంది. ఆమె ముఖంలో నవ్వు కొద్దిగా పలచబడింది, దాంతోపాటు గువ్వ ముఖంలోనూ పలచబడింది.

"పిల్లలందరూ పెద్దవాళ్ళని చూసే నేర్చుకుంటారమ్మా" అంది, కాని ఆ మాటలో ఇందాకటి నమ్మకం లేదు.

"చూడ్డానికి ఏమీ లేకపోతే ఏమవుతుందో చూడండి. మీరు లేచి తన వెనక్కి వెళ్ళండి. మీ ముఖం కనిపించకూడదు. మాట్లాడకూడదు."

ఆఫీసరమ్మ కాగితాల అట్ట తీసుకుని, పిల్ల కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడింది. మంచి మనిషని చెప్పానుగా.

గువ్వ ముందర ఖాళీ కుర్చీ మిగిలింది. పిల్ల దాన్ని చూసింది. కళ్ళు గబగబా అటూ ఇటూ తిరిగాయి. తిరిగి తిరిగి తల్లి ముఖం మీద వాలాయి. అంతే, భుజాలు వదులయ్యాయి, కాళ్ళు ఊపడం మొదలుపెట్టింది.

తల్లి తన ముఖాన్ని బండరాయిలా పెట్టుకోవాలని చూసింది. చేతకాలేదు. తొమ్మిదేళ్ళుగా ఆ పిల్లకి ధైర్యం చెప్పడం తప్ప ఇంకో పని ఎరగని ముఖం అది. ఎంత బిగబట్టినా కంటి చివర ఎక్కడో 'ఏం లేదులే కన్నా' అంటూనే ఉంది. గువ్వకి అది చాలు.

"ప్రశాంతంగానే ఉంది కదమ్మా" అంది వెనకనుంచి ఆఫీసరమ్మ మెల్లగా. "మిమ్మల్ని పట్టుకుని నిలబడుతోంది. మీరు చెప్పింది నిజమైతే..." అని ఆగిపోయింది. తర్వాతి మాట అనడానికి ఆమెకీ కష్టంగానే ఉంది. "మీరు కూడా అటు తిరగాలి. మీకిష్టమైతేనే. బలవంతం లేదు. వద్దంటే ఇంతటితో ముగించేస్తాను."

ముగించేస్తే ఏమవుతుందో గువ్వ తల్లికి తెలుసు. కొత్త ఏడాది పెద్దబడి. గది నిండా ముఖాలు. మధ్యాహ్నం తను లాండ్రీలో ఉంటుంది. గోడకీ పిల్ల తలకీ మధ్య అత్తగారి వణికే చెయ్యి ఉంటుంది, అదీ ఎంతకాలం? తిరిగితే ఏమవుతుందో కూడా తెలుసు. ఎవరి ముఖమూ అర్థం కాకపోతే అమ్మ ముఖం. ఆ ఒక్కటీ ఎప్పుడూ ఉంటుందని తనే చెప్పింది. వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి రోజూ చెప్పించింది.

ఇందులో మంచి దారి ఏది? ఎవరైనా చెప్పగలిగితే ముందుకొచ్చి చెప్పండి. ఊరికే పక్కనుండి అయ్యో అనడం ఎవరికైనా వచ్చు.

గువ్వ తల్లి కుర్చీలోంచి లేచింది. కూతురి కళ్ళు ఆమెతోపాటు పైకి లేచాయి. ఆమె గోడవైపు తిరిగి నిలబడింది.

ఆకుపచ్చ గోడ. కుర్చీల వీపులు రాసుకుని ఒకచోట రంగు పోయి సున్నం కనిపిస్తోంది. ఆమె ఆ సున్నాన్నే చూస్తూ వింది.

ముందు ఏమీ వినపడలేదు. కాళ్ళు ఊపుతున్న చప్పుడు ఆగింది.

"హాయ్ తల్లీ! రా రా, ఎలా ఉన్నావు?" ఆఫీసరమ్మ గొంతు, అచ్చం. మాట్లాడింది గువ్వ. ఎవరూ జవాబు చెప్పలేదు.

"నా బంగారం! తిన్నావా, ఇంకొంచెం పెట్టనా?" ఇది నాయనమ్మ గొంతు.

"ముందుకి జరగండి, ముందుకి జరగండి." బస్సు కండక్టరు.

"అందరూ చేతులు కట్టుకోండి. నోటి మీద వేలు." పెద్దబడి టీచరు. ఆ గొంతు విని రెండేళ్ళు దాటింది.

తన దగ్గరున్న గొంతులన్నీ ఒక్కొక్కటే తీస్తోంది పిల్ల. తాళం తెరుచుకోకపోతే గుత్తిలోని తాళంచెవులన్నీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి తిప్పి చూసినట్టు. గొంతు గొంతుకీ మధ్య విరామం తగ్గిపోతోంది, స్వరం పెరుగుతోంది. చివరికి ఒక గొంతు వచ్చింది. అది తల్లిది.

"నా ముఖం చూడు. నా ముఖం చూడు. అమ్మ నవ్వితే? అమ్మ నవ్వితే? అమ్మ నవ్వితే?"

గువ్వ తల్లి గోడని రెండు చేతులతో పట్టుకుంది.

ఆ తర్వాత మాటలు లేవు. ఒక అరుపు, అది ఎవరి గొంతూ కాదు, పిల్ల సొంతం. కుర్చీ పడింది. బల్ల అంచుకి తల తగిలిన చప్పుడు. మళ్ళీ. మళ్ళీ.

"మేడమ్!"

"ఇంకొంచెంసేపు అమ్మా, ఇంకొంచెంసేపు. తనంతట తను తేరుకుంటుందో లేదో చూశాకే ఈ గడి నింపాలి." ఆఫీసరమ్మ గొంతు వణుకుతోంది. పెన్ను మాత్రం రాస్తోంది.

గువ్వ తల్లి తిరగలేదు. కాళ్ళు తిరుగుతామన్నాయి, చేతులు తిరుగుతామన్నాయి, కడుపులో పేగులన్నీ తిరుగుతామన్నాయి. చిన్నబడి ఫ్యానుని తలుచుకుంది. పళ్ళు బిగించి సున్నం వంక చూస్తూ, తల బల్లకి కొట్టుకుంటున్న చప్పుడు వింటూ, 'చాలు' అన్నదాకా తిరగలేదు. ఈ ముక్క ఆమె మొగుడికీ చెప్పలేదు, అత్తకీ చెప్పలేదు. ఇకముందు కూడా చెప్పదు.

"చాలు, చాలు! తిరగండి!"

తల్లి బల్ల కిందకి దూరి, అరచెయ్యి బల్ల అంచుకీ పిల్ల నుదుటికీ మధ్య పెట్టింది. అలవాటైన పనే. గువ్వ ఆ చేతిని తోసేసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తోసేసింది. మూడోసారి పెట్టినప్పుడు తోసే ఓపిక పిల్లకి లేదు, అందుకని ఊరుకుంది.

పిల్ల అలిసిపోయి నేల మీదే ముడుచుకున్నాక, ఆఫీసరమ్మ నీళ్ళ సీసా పట్టుకుని పక్కన కూలబడింది. కళ్ళు తుడుచుకుంటోంది.

"కార్డు వచ్చేస్తుందమ్మా. అనుమానం అక్కర్లేదు. గీత దాటి చాలా పైకి వచ్చాయి మార్కులు. పూర్తి భృతి, బడి, అన్నీ ఉంటాయి."

"ఈసారి శాశ్వతంగా ఇవ్వరా మేడమ్?"

"పిల్లలకి ఇవ్వరమ్మా. ఎదిగే వయసు కదా, మారతారని. పద్దెనిమిది నిండేదాకా రెండేళ్ళకోసారి చూపించాల్సిందే." ఆఫీసరమ్మ ఆమె భుజం నిమిరింది. "మీకు మళ్ళీ ఇంత తిప్పలు రాకూడదని ఒక పని చేశాను. ఇవాళ మనం చేసినదంతా వివరంగా ఫైల్లో రాసి పెట్టాను. నా తర్వాత ఇక్కడ ఎవరు కూర్చున్నా, మీరు వస్తూనే ఆఫీసరూ తల్లీ ఇద్దరూ ముఖం తిప్పుకోవాలని అందులో ఉంది. మీరు ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. నేరుగా అదే చేస్తారు."

ఎంతో ప్రేమగా చెప్పింది. నిజంగా సాయం చేశాననే అనుకుంది.

పదకొండేళ్ళప్పుడు. పదమూడేళ్ళప్పుడు. పదిహేనప్పుడు, పదిహేడప్పుడు. గువ్వ తల్లి గోడవైపు చూసింది, రంగు పోయినచోటు.

"థాంక్స్ మేడమ్" అంది. ఇంకేమంటుంది?

లిఫ్టులో వాళ్ళతోపాటు కొరియరు మనిషి ఒకతను ఎక్కాడు, చంకలో అట్టపెట్టెలు. తల్లి మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల ఎత్తుకి వంగి, "గువ్వా, అమ్మ ఇక్కడే ఉంది. చూడు" అంది. గువ్వ కళ్ళు ఆమె భుజం మీదుగా పైకి వెళ్ళి ఆ మనిషి ముఖం మీద ఆగాయి. అతను ఆవులించాడు. పిల్ల ఆవులించింది. అతను చూసి నవ్వాడు. పిల్ల నవ్వింది, నుదుటి మీద బొప్పితోనే.

"హుషారైన పాపండీ" అన్నాడతను దిగిపోతూ.

మెట్ల మీద తండ్రి దిగ్గున లేచాడు. "ఏమైంది?"

"వచ్చింది."

"వచ్చిందా! హమ్మయ్య!" కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి అతనికి. "నువ్వు గట్టిదానివే. నేనైతే నోరు విప్పలేకపోయేవాణ్ణి." అప్పటికప్పుడు తన తల్లికి ఫోను కలిపాడు. అటునుంచి పెద్దావిడ గొంతు పక్కవాళ్ళకి కూడా వినపడుతోంది.

"ఏమైందిరా? పాసయిందా?"

"ఫెయిలయిందమ్మా! ఫెయిలయింది!" అని అరిచాడు ఆనందం పట్టలేక. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు. అప్పుడు పిల్ల నుదురు చూసి, "అయ్యో, దెబ్బెలా తగిలింది?" అన్నాడు.

"బల్ల తగిలింది" అంది ఆమె.

బస్సులో ముగ్గురి సీటు దొరికింది. తండ్రి ఆ చివర, తల్లి ఈ చివర, మధ్యలో గువ్వ. పిల్ల ఎదురుగా ఉన్నవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూస్తోంది. నిద్రపోతున్న ముసలాయన, ఫోనులో మాట్లాడుతున్న అమ్మాయి, సంచి పట్టుకుని నిలబడిన పెద్దాయన. తండ్రి ముఖం కూడా ఒకసారి చూసి, అతను నవ్వితే నవ్వింది. ఇటువైపు మాత్రం తిరగలేదు.

తల్లి కూతురివైపు తిరిగి కూర్చుంది. మెడ పట్టేస్తోంది, బస్సు కుదుపులకి నడుం నొప్పెడుతోంది. తనకి ఏడుపొస్తోంది, కాని ఏడిస్తే ముఖం మారుతుంది. అందుకని ఏడవలేదు. పిల్ల ఎప్పుడు చూసినా కనిపించేలా ముఖాన్ని అక్కడే పెట్టుకుని ఉంది.

పిల్ల చూడలేదు. వాళ్ళ స్టాపు వచ్చేదాకా ఆమె అలాగే కూర్చుంది.